బాయిలర్ గదిలో నోటి ఉపవాసం

సోమవారం, ఉదయం 6.10
లాండ్రీకి కొత్త మేనేజరు వచ్చాడు. వెంట ముగ్గురు బయటి ఇంజనీర్లు. దుప్పట్లు ఉతకడానికి ఇంత సైన్యమా! ఇక్కడి రెండు బాయిలర్ల దగ్గర నాకు ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది. సర్టిఫికెట్ లేదు. గోడ మీద నోటీసు: "పనివేళల్లో ప్రసంగాలు నిషేధం." ఎవరి కోసమో గుడ్డివాడికైనా తెలుస్తుంది.
తీర్మానం: ఏడు రోజులు పనిలో దేవుని వాక్యం ఎత్తను. ఉద్యోగం నిలవాలంటే నోటికి తాళం. పరిశుద్ధ గ్రంథం జేబులోనే, బొత్తాం పెట్టి.

రాత్రి భోజనాల వేళ
ఒక్క మాట జారలేదు! విజయం! ఆ సంగతి చెబితే మా ఆవిడ నా నుదురు పట్టుకుని చూసింది. "జ్వరమేం లేదే!"

మంగళవారం
చిక్కొచ్చింది. ఆవిరి వాల్వును ఒక్కసారిగా తిప్పకూడదు. నేను పైకి ప్రార్థన చదువుతూ మాటకో పిసరు తిప్పుతాను. ఆమేన్‌తో పూర్తిగా తెరుచుకుంటుంది. నా గడియారం అదే. ఇవాళ మనసులో చదివాను. మనసు పరుగెత్తింది. పైపు ఢాం! పొడుగు ఇంజనీరు టీ కప్పుతో సహా తడి దుప్పట్ల బండిలో పడ్డాడు.
"ఏం చేశారు పెద్దాయనా?"
"నోరు మూసుకున్నానండీ."

బుధవారం
గొణిగాను. గొణుగుడు ప్రసంగం కిందికి రాదు. గ్రంథంలో పెదవులు మాత్రం కదుపుతూ దేవుణ్ణి వేడుకున్న భక్తురాలిని తాగుబోతన్నారు గానీ ప్రసంగీకురాలని అనలేదు కదా! పైపు పిల్లిలా పడుకుంది. పొడుగాయన నా గొణుగుడు ఫోన్‌లో రికార్డు చేశాడు.
"నాలుగు నిమిషాల పది సెకన్లు. ఇక ఇది చాలు."
ఇది చాలంటే? నేనక్కర్లేదనా?

గురువారం, ఉదయం 6.00
ఫోన్‌లో నా గొంతు. వాల్వు మీద వాళ్ల చేతులు. నా గొంతే నా పొట్ట కొడుతోంది!
6.03: ఢాం! స్తోత్రం! పైపు మూలిగితే నేను మాట సాగదీస్తాను. ఫోన్‌కు చెవులేవి?
6.04: బల్లెక్కాను.
6.44: దిగాను. ఆకాశానికి గోపురం కట్టబోయి చెదిరిపోయిన వాళ్ల దగ్గర ప్రసంగం మొదలుపెట్టి మేనేజరు దాకా వచ్చాను. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

శుక్రవారం
మేనేజరు పిలిపించాడు.
"ఆ ముగ్గురికీ మీ పద్ధతి నేర్పండి. వాళ్లకొచ్చాక మీ సంగతి చూద్దాం."
'చూద్దాం' అంటే ఏమిటో లేఖనాలన్నీ వెతికాను. అర్థం దొరకలేదు.
ముగ్గురినీ వరసగా నిలబెట్టి చదివించాను.
"నాకు దేవుడంటే నమ్మకం లేదండీ," అన్నాడు పొడుగాయన.
"వాల్వుకు ఆ సంగతి తెలీదులే. చదువు నాయనా."

శనివారం
ముగ్గురికీ వచ్చేసింది. ఎక్కడ సాగదీయాలో కూడా! పైపు కిక్కురుమనలేదు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఢాం అన్నది నా గుండె.
"సోమవారం ఒకసారి కనపడండి," అన్నాడు నాతో.
అంతలో పొడుగాయన అడిగాడు: "మరి రెండో బాయిలర్‌కు ఏ ప్రార్థన, పెద్దాయనా?"
నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. "అమ్మో, అది చాలా పెద్దది. నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది."
మేనేజరు ముఖం వాడింది. "అయితే సోమవారం కనపడక్కర్లేదు లెండి. పని చూసుకోండి."
ప్రభువు క్షమించుగాక! దాని వాల్వు చిన్నది, ఎలా తిప్పినా ఢాం అనదు. రేపు ఆరాధన అయ్యాక కూర్చుని ఒక ప్రార్థన రాయాలి. పొడుగ్గా.
తీర్మానం: సోమవారం నుంచి మళ్లీ నోటి ఉపవాసం. ఈసారి అడిగినా ఒక్క ముక్క చెప్పను.