పుస్తకంలో లేని మెట్లు

మామా,

బాగున్నావా? నువ్వు వెళ్ళిపోయి నిన్నటికి పది నెలలు. అత్తకు మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. నీ మగ్గాలు ఇప్పుడు మీ చిన్నాయన కొడుకు నడుపుతున్నాడు. నేను ఎప్పటిలాగే కండెలకు నూలు చుడుతున్నాను.

ఈ ఉత్తరం ఎందుకంటే... నేను సముద్రం చూసి వచ్చాను. ఒక్కదాన్నే. నమ్ముతావా?

తిరుపతి బస్టాండు బయట పాత పుస్తకాల కుప్పలో నువ్వు ఏరుకున్న ఆ గైడు పుస్తకమే నన్ను తీసుకెళ్ళింది. పులికాట్ నుంచి రామేశ్వరం దాకా సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళన్నీ వరసగా ఉన్న తమిళ పుస్తకం. నువ్వు నగరిలో తమిళ బడిలో చదివావు. నాకు పూతలపట్టులో ఐదో తరగతి దాకా వచ్చిన తెలుగే. అందుకే నువ్వు చదివి తెలుగులో చెప్పేవాడివి, నేను వినేదాన్ని.

కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే పుస్తకం తీసేవాడివి. ఆ మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు నీది. మోత ఆగినా తగ్గేది కాదు. ఎదురింటి వాళ్ళు కూడా నీతో పాటు రామేశ్వరం వెళ్ళి వచ్చేవాళ్ళు. నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

ఏ ఊరి గురించి చదివినా నేను అడిగేది ఒక్కటే, అక్కడ జనం ఎక్కువుంటారా అని. కాణిపాకంలో కూడా నీ చొక్కా పట్టుకుని నీ వెనకే నక్కి నిలబడినదాన్ని కదా.

నీకు బాగా నచ్చిన ఊరు సదురంగపట్నం. మనలాంటి వాళ్ళు నేసిన సన్న గుడ్డ ఒకప్పుడు అక్కడున్న పాత కోట దగ్గరే ఓడలెక్కి పోయేదని చెప్పావు. ఆ పేజీ మీద వేలు పెట్టి చదివావు.

"సూడు మే, ఈడ రాసిండారు. కోట ఎనకాల చిన్న తలుపుండాది. దాంట్లోంచి దిగితే మెట్లు. ఆ మెట్ల మీద ఆడోళ్ళే కూసుంటారంట. మగోళ్ళు ఆ పక్కకే రాకూడదంట. నన్ను తలుపుకాడే నిలబెడతారు, నువ్వు పొయ్యి సూసొచ్చి నాకు సెప్పు."

వచ్చే ఆడికృత్తికకు మగ్గాలు ఆపినప్పుడు పోదామన్నావు. ఆ పండగ వచ్చింది. నువ్వే... కామెర్లు అన్నారు, పదకొండు రోజులు కూడా నిలవలేదు.

ఏడాది తిరగకుండా నేను గడప దాటకూడదని మీ వాళ్ళందరూ అన్నారు. అత్త ఒక్కతే నా పక్కన నిలబడింది. "పో మే. నా కొడుకు నా సెవిలో కూడా ఇల్లు కట్టుకోని పోరినాడు, నా పెండ్లానికి సముద్రం సూపించాలమ్మా అని. ఎవురన్నా అడిగితే నేనే పంపినానని సెప్తా" అంది. చద్దన్నం మూట కట్టి ఇచ్చింది. నేను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉంది.

మామా, నీకు ఒకటి చెప్పాలి. భయపడే మనిషికి గైడు పుస్తకం చాలా ఉపయోగం. ఊరి పేరు కింద నువ్వు పెన్సిల్ గీత పెట్టావు కదా... తిరుత్తణిలో, కాంచీపురంలో, చెంగల్పట్టులో కండక్టర్ల ముందు పుస్తకం తెరిచి ఆ గీత మీద వేలు పెట్టాను. అంతే. నోరు తెరవాల్సిన పనే లేదు. వాళ్ళే బస్సు ఎక్కించారు, వాళ్ళే దింపారు. పటంలో నువ్వు చుట్టూ సున్నా గీసిన సత్రం మాత్రం ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. దారి మాత్రం ఎక్కడా తప్పలేదు.

కోట చుట్టూ రెండుసార్లు తిరిగాను. వెనక తలుపు కనిపించలేదు. ఎండకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మే ఒక అక్క నన్ను చూస్తూ కూర్చుంది. చివరికి ఆమె దగ్గరికి పోయి, నాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కల్లో మెట్లు ఎక్కడని అడిగాను. ఏం మెట్లు అంది. పుస్తకం ఇచ్చాను.

ఆమె పేజీ మొత్తం చదివి, నాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది. ఎంత దూరం, ఎప్పుడు తెరుస్తారు, లోపల సమాధులు ఉన్నాయి, మంచినీళ్ళు వెంట తెచ్చుకోవాలి... అంతే. నేను మళ్ళీ చదవమన్నాను. ఆమె విసుక్కోకుండా ఒక్కొక్క వరసా వేలితో చూపిస్తూ చదివింది. తలుపూ లేదు, మెట్లూ లేవు, ఆడవాళ్ళూ లేరు.

ముందు కోపం వచ్చింది. నువ్వు పోయాక నీ మీద కోపం రావడం అదే మొదటిసారి. ఇంత దూరం వచ్చి, పరాయి ఊళ్ళో, ఆమె ముందు పిచ్చిదానిలా నిలబడ్డాను.

తర్వాత మిగతా ఊళ్ళు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నాగపట్నం పేజీలో ఏం చదివావు? "ఈడ మద్యాన్నం ఊరంతా నిద్రపోతాదంట మే. సముద్రం మొత్తం మన ఇద్దరిదే." పాండిచ్చేరి పేజీలో? "గొడుగు పట్టుకున్న ఆడోళ్ళను ఎవురూ పలకరించకూడదంట, ఆడ రూలంట."

పుస్తకం రాసినవాళ్ళకు నేను ఇంత సిగ్గుదాన్నని ఎలా తెలుస్తుంది మామా? అప్పుడు నాకెందుకు తట్టలేదు?

ఆ అక్క పేజీ తిప్పి పక్క ఊరి గురించి కూడా చదవబోయింది. గబుక్కున పుస్తకం లాక్కున్నాను. ఆమె ఏమనుకుందో... నవ్వి, ఒక పొట్లం శనక్కాయలు చేతిలో పెట్టింది.

తర్వాత సముద్రం దగ్గరికి వెళ్ళాను. వలలు బాగుచేసేవాళ్ళు, పిల్లలు, చేపల బుట్టలతో ఆడవాళ్ళు, అందరూ ఉన్నారు. చీర కాస్త ఎత్తి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగాను. అందరూ చూశారు. నేను ఏడవడం కూడా చూశారు. చూసి, మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. ఒక ముసలాయన మాత్రం అల పెద్దదొస్తోంది, వెనక్కి రా అని కేకేశాడు.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఒక పని పెట్టుకున్నాను. ఆ పుస్తకంలో ఒక్కొక్క ఊరి పక్కన, అంచులో ఉన్న కాస్త తెల్ల జాగాలో, నువ్వు చెప్పింది తెలుగులో రాస్తున్నాను. మరిచిపోకముందే. నీ గొంతు ఇప్పుడే కొంచెం కొంచెం జారిపోతోంది మామా. మగ్గాలు నడిచేటప్పుడు అసలు గుర్తు రాదు.

చాలా ఊళ్ళు రాశాను. మూడు ఊళ్ళు రాయలేకపోయాను. తరంగంబాడి, వేదారణ్యం, తొండి. అవి చదివిన రోజు నేను సరిగా వినలేదేమో. కండెల మీద ధ్యాస పెట్టి ఊ కొట్టానేమో. ఎంత తలుచుకున్నా రావడం లేదు. మళ్ళీ చెప్పమంటే ఎవరు చెబుతారు?

ఆ మూడు చోట్లా జాగా ఖాళీగా ఉంచాను. ఇంకెవరి చేతా చదివించను. నేనే వెళ్తాను. నా కళ్ళకు ఏది కనిపిస్తే అది రాస్తాను, తప్పో ఒప్పో.

ఏడాది తిరగగానే ముందు తరంగంబాడి. అత్త కూడా వస్తానంటోంది.

ఉంటాను మామా.

నీ
సుగుణ