శేఠ్ కుక్కకు కోడిగుడ్డు

2 మే 2021, ఆదివారం
పొద్దున లేచి అందరినీ ఎట్లుందని వరసగా అడిగాను. కొడుకు సంపత్‌కు దగ్గు తగ్గింది. కోడలు మంగకు నోటికి రుచి తెలుస్తోంది. మనవరాలు జమునకు వేలికి మిషన్ పెడితే 98 వచ్చింది, అయినా మళ్ళీ పెట్టించాను. నా మోకాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. మగ్గాల యజమాని శేఠ్, ఆయన భార్య శేఠాణి ఆస్పత్రిలోనే. ఆమెకు ఆక్సిజన్. ఇక మఖన్, వాళ్ళ కుక్క. సంపత్ నడిపే మగ్గాలు వాళ్ళవే కాబట్టి నాలుగు రోజులుగా డిండోలిలో మా ఇంట్లోనే ఉంటోంది. ముద్ద ముట్టడం లేదు.

శేఠ్ ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. కిచిడీ, పెరుగు పెట్టాలట. మాంసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి వద్దట. వాళ్ళింట్లో ఎవరూ తినరు.

4 మే
తినలేదు. శేఠాణికి పిల్లలు లేరు. రోజూ మఖన్ గురించే అడుగుతోందట.

5 మే
ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, ఎల్లిగడ్డ దంచి కిచిడీలో కలిపాను. గిన్నె నాకుతూ వాకిలి దాకా తోసుకుపోయింది. అత్తమ్మా, శేఠ్ కుక్క మన కులంల కలిసింది గదా అని మంగ నవ్వింది. తిట్టాను గాని సంతోషమైంది. ఉల్లి వద్దనడం వాళ్ళ ఆచారం, కుక్కకు ఆచారమేంది అనుకున్నాను.

11 మే
రోజూ అదే వండాను. ఈ రోజు మెట్లు ఎక్కలేక కూలబడింది. చిగుళ్ళు తెల్లబడ్డాయి. మూత్రం ఎర్రగా పోసింది.

సాయంత్రం నాలుగు
ఆటోలో తీసుకుపోయాము. పశువుల డాక్టర్ సుజిత్ తెలుగాయనే. ఏం పెట్టావమ్మా అన్నాడు. చెప్పాను. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కలకు విషమట, రక్తాన్ని చెడగొడతాయట. ఆచారమనుకున్న సారూ అన్నాను. ఆయన నవ్వలేదు. సూది వేశాడు, మందులిచ్చాడు. ఉప్పు లేకుండా ఉడికించిన గుడ్డు పెట్టమన్నాడు. బలం రావాలంటే ఉత్త కిచిడీ చాలదట.

12 మే
గుడ్డు ఉడికించాను. చల్లారిపోయింది. పెట్టలేదు. పెట్టరాదే అవ్వా, శేఠ్ ఏమన్న సీసీ కెమెరా పెట్టిండా అని సంపత్ అరిచాడు. ఒకసారి మాట తప్పినందుకే ఇట్లయింది. రెండోసారి అడగకుండా ఎట్లా తప్పను? పెట్టకపోతే ఇది బతుకుతుందా?

13 మే
శేఠ్‌కు ఫోన్ చేసి గుడ్డు పెట్టనా అని అడిగాను, ఉల్లిగడ్డ సంగతి కూడా చెప్పేశాను. ఏడ్చాను. ఆయన మెల్లగా, పెట్టమ్మా, ముందు బతకనీ అన్నాడు. శేఠాణికి మాత్రం చెప్పొద్దట, తట్టుకోలేదట.

రెండు గుడ్లు తిన్నది.

16 మే
చిగుళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. టార్చి ఏసి ఎన్నిసార్లు చూస్తవత్తమ్మా, భయానికే చస్తదది అంది మంగ.

19 మే
శేఠాణి ఫోన్. ఆక్సిజన్ తీసేశారట. ఆయాసపడుతూనే మఖన్‌తో మాట్లాడతానంది. చెవి దగ్గర పెట్టాను. తోక ఆడించింది. తర్వాత నాతో గొంతు తగ్గించి, సన్నబడి ఉంటుంది, ఒక గుడ్డు పెట్టి చూడు, మా ఆయనకు మాత్రం చెప్పకు, ఆయనకు పట్టింపు ఎక్కువ అంది.

సరేనమ్మా అన్నాను.

27 మే
మెట్లెక్కింది! చిగుళ్ళు గులాబీ రంగు. మూడుసార్లు చూశాను.

30 మే
శేఠ్, శేఠాణి ఇంటికి వచ్చేశారట. ఏం పెట్టావని అడిగితే ఎవరి ముఖం చూసి చెప్పాలి? మఖన్‌ను తీసుకుపోవడానికి జూన్ 6, ఆదివారం, పొద్దున పదింటికి వస్తారట. ఇద్దరూ కలిసే.