సాయిలు షట్టరుకు కట్టాల్సిన గ్యాస్కెట్

ఆదివారం రాత్రి, ఎల్లారెడ్డి

చేతుల మీది నల్ల మరక సబ్బుకు పోలేదు. కోపం అసలే పోలేదు.

కారు కింద మళ్లీ ఆయిల్ కారుతుంటే, ఇవాళ ఇంటి ముందే ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ నేనే విప్పాను. పోయిన నెల కామారెడ్డిలో మెకానిక్ సాయిలు ఏమన్నాడు? "కొత్త గ్యాస్కెట్ ఏసిన అన్నా, ఇగ ఒక్క సుక్క గూడ కారదు." పైగా దిష్టి తగలొద్దని బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి పంపాడు. విప్పి చూస్తే పాత గ్యాస్కెటే! పగిలిన చోటల్లా పేస్టు పూసి బిగించాడు, దొంగ.

కొత్తది నేనే వేశాను. పాతదాన్ని పారేయలేదు. దానికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి, రేపు గిరాకీలంతా చూస్తుండగా వాడి షట్టరుకు కడతాను. "నీ దుకాణానికి దిష్టి తగలొద్దని కట్టిన సాయిలూ" అంటాను. వాడి ముఖం తలుచుకుంటూ అన్నం నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వడ్డిస్తూ వడ్డిస్తూ మా ఆవిడ రమ అంది: "మరి నువ్వు బిగించింది కారదా? ముందుగాల గది చూస్కో."

అప్పటినుంచి మాటిమాటికీ లేచి, కారు కింద పరిచిన అట్ట మీద టార్చి వేసి చూస్తున్నాను. ఇప్పటికైతే పొడిగానే ఉంది. పొద్దుటికి చుక్క పడితే...

పడితే బస్సులో పోతాను. కట్టడం మాత్రం కడతాను.