వేళ్లతో చదివిన కీర్తన

చెల్లికి, ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ,

డాక్టరు మాట నిజమే. త్వరలో నా చూపు పూర్తిగా పోతుంది. "అక్కా, పంతం మాని నా దగ్గరికి వచ్చెయ్, రోజూ బైబిలు నేనే చదివి వినిపిస్తాగా!" అన్నావు. నేను రాను. రెండో వచనానికే నీవు కునుకు తీస్తావు.

నేను బ్రెయిలీ నేర్చుకుంటున్నాను. "మెల్లగా అమ్మా, చుక్కలు అరిగిపోతాయి!" అని పంతులమ్మ నవ్వుతుంది. నా పొగరు వేళ్లకూ అబ్బింది మరి. నిన్న ఒక కీర్తన మొత్తం ఎవరి సాయమూ లేకుండా చదివాను. ఇకముందు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కాని ఇంతవరకు నడిపించినవాడు చీకటికి జంకేవాడు కాడు, నేనూ జంకను.

వీలైతే నీవే రా. కరెంటు పోయినప్పుడు నీవు కొవ్వొత్తి వెతుక్కో. నేను చదువుతూనే ఉంటాను.

నీ అక్క