రంగు వేయని ఎద్దు

ఏమయ్యా, ఎలా ఉన్నావు? నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. నేను జర్మనీ పోయివచ్చి తొమ్మిది రోజులైంది. అవును, నేనే... నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోవాలంటేనే బస్సులో రెండుసార్లు కక్కుకునేదాన్ని, విమానమెక్కి పోయివచ్చాను.

ఆ చేతిపనుల మేళాకు మనిద్దరినీ పిలిచారు కదా. నువ్వు లేకుండా నేను పోనన్నాను. కొడుకు వినలేదు. బాపు పేరు మీద వచ్చిన పిలుపు, పోకుంటే ఎట్లా అన్నాడు. బొమ్మలు సర్దుతుంటే నీ ఎద్దు కూడా పెట్టెలోకి వచ్చింది. దవాఖానకు పోయే ముందురోజు చెక్కి, అతికి, ఆరబెట్టి పోయావే, అది. దానికి ఇంకా రంగు వేయలేదు నేను. వేస్తే నీ కత్తి గీతలు కనబడకుండా పోతాయి. వేయకపోతే సగం పనే అయినట్టు. కొడుకేమో నీ ఫోటో పక్కన అద్దాల బీరువాలో పెడదామంటాడు. నాకు ఏదీ మనసుకు పట్టలేదు... ఏం చేయాలో తేలకనే వెంట తీసుకుపోయాను.

ఇక ఆ దేశం సంగతి విను. రోతయ్యా, రోత.

పాయిఖానాలో నీళ్లుండవు. కాగితం! ఇంత పెద్ద పెద్ద మిషన్లు చేసే వాళ్లకు ఒక చెంబు చేయడం రాలేదా? నేను సుగుణ ఇంట్లో ఉన్నాను కాబట్టి బతికాను. సుగుణది మంథని, నర్సుగా పోయి అక్కడే ఇల్లు కట్టుకుంది. మేళాలో వాళ్ల మాట నాకూ, నా మాట వాళ్లకూ చెప్పింది ఆమే. నా కోసం ఒక నీళ్ల సీసా అక్కడ పెట్టింది.

అన్నం దగ్గర కూర్చుని ముక్కు చీదుతారు. చాటుగా కాదు, బస్సు హారన్ కొట్టినట్టు. చీదిన గుడ్డను మడతపెట్టి మళ్లీ జేబులోనే పెట్టుకుంటారు! ఆ జేబులోంచే చెయ్యి తీసి నాకు కలపమని చాచాడొకాయన. నేను దూరం నుంచే దండం పెట్టాను. మన ఆచారం గొప్పదని మురిసిపోయి ఆయన కూడా తిరిగి దండం పెట్టాడు.

గిన్నెలు సబ్బు నురగలో ముంచి, నీళ్లతో కడగకుండా గుడ్డతో తుడిచి లోపల పెడతారు. ఆ సబ్బంతా ఎవరి కడుపులోకి పోతుంది? మేళా వాళ్లు పెట్టిన విందులో పచ్చి మాంసం, వండనిది, సన్నగా కొట్టి రొట్టె మీద పూసి తింటున్నారు. పైన పచ్చి ఉల్లిగడ్డ. అక్కడున్న అన్ని రోజులూ కోడలు కట్టిచ్చిన సర్వపిండి, అది బూజు పట్టాక సుగుణ వండిన పప్పు... అంతే నా తిండి.

కుక్కను రైల్లో పక్కన కూర్చోబెట్టుకుని మూతి మీద ముద్దుపెడతారు. పక్కన మనిషి కూర్చుంటే మాత్రం పలకరించరు. పది రోజులు అదే రైలెక్కాను. ఎవరమ్మా నువ్వు, తిన్నావా అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. ఆదివారం నేను వెల్లుల్లి దంచుతుంటే చప్పుడవుతోందని కిందింటాయన వచ్చి తలుపు కొట్టాడు. ఆదివారం దంచకూడదట. అదేం దేశం?

ఇవన్నీ ఓర్చుకున్నాను. మేళాలో మాత్రం ఒళ్లు మండింది.

మన జింకలు, చిలకలు వరుసగా పేర్చాను. వచ్చినవాళ్లు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. ఏం రంగు, అందులో విషముందా అని సుగుణను అడుగుతారు. తెలియదంటే పురుగును పట్టుకున్నట్టు కింద పెడతారు. నలభై ఏళ్లు కళ్లు పొడుచుకుని వేసిన రంగులయ్యా అవి! మూలన పెట్టిన నీ ఎద్దు మీదే అందరి చూపూ. తెల్లజుట్టు ముసలావిడ ఒకామె మూడు రోజులు వరుసగా వచ్చింది. ఎద్దును చెంపకు ఆనించుకుంటుంది. తనకు అమ్మమని అడుగుతుంది. ఇంత మంచి చెక్కను రంగుతో ఎందుకు కప్పుతారు అందట. కప్పడమా? బట్టలు కట్టని బిడ్డను చూసి, ఎందుకు కడతారు అన్నట్టు లేదూ?

"చెక్కుడు నాది, పానం పోసుడు నీది" అనేవాడివి నువ్వు. నేను పోసిన ప్రాణం వాళ్లకు విషమైంది. నిజం చెప్తాను... నీ మీద కూడా కోపమొచ్చింది. చచ్చిపోయిన మొగుడి మీద ఈర్ష్య పడ్డ పెళ్లాం ఎక్కడైనా ఉంటుందా?

ముసలావిడకు ఇవ్వలేదు. మూడు రోజులూ ఇవ్వనన్నాను.

ఆఖరి రోజు పొద్దున సుగుణతో రైలుకు నడుస్తుంటే వీధి పొడుగునా సామాన్లు. కుర్చీలు, మంచాలు, ఊయల, పరుపులు... ఎవరిల్లో కాలిందేమో అనుకున్నాను. కాదట. పాతవన్నీ బయటపెట్టే రోజట అది. కావలసినవాళ్లు తీసుకుపోతారు, మిగిలింది బండి వచ్చి ఎత్తుకుపోతుంది. నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్న కుర్చీ! పిల్లలు పెరిగిన ఊయల! చూస్తుంటే అసహ్యమేసింది. ఈ దేశానికి నీ ఎద్దును అమ్మకపోవడమే మంచిదైంది, ఎప్పుడో ఒకరోజు ఇలాగే వీధిలో పడేసేవాళ్లు అనుకున్నాను.

ఆ ఊయల పక్కనే ఒక చెక్క గుర్రం పడి ఉంది. వాళ్ల గ్లాసులో నీళ్లు తాగనిదాన్ని, ఎందుకో వంగి దాన్ని ఎత్తాను. తోక లేదు. ఒక కాలు విరిగితే మేకు కొట్టారు. రంగు ఎక్కడో కడుపు కింద తప్ప ఎక్కడా లేదు. చెవులు రెండూ కొరికి కొరికి ఉన్నాయి. చిన్న పంటి గాట్లు, వాటి మీద ఇంకొన్ని గాట్లు... ఒక్క బిడ్డవి కావవి. ఎంతమంది ఆడుకున్నారో!

చెత్తలో వస్తువు కదా, వెంట తెచ్చుకోవడానికి మనసొప్పలేదు. ఊయలలో పెట్టి వచ్చాను. కానీ రైల్లో ఒకటే ఆలోచన... మన బొమ్మల్లో ఒక్కటైనా అలా అరిగిందా? సన్మానాల్లో ఇస్తారు, ఆఫీసుల్లో పెడతారు, దుమ్ము పడితే తుడుస్తారు. అంతేగా?

"బొమ్మ ఆడుకుంటందుకే రాజవ్వా. అద్దం ఎనక పెడ్తే అది బొమ్మ గాదు, ఫోటో" అని నువ్వు ఎన్నిసార్లు గొణిగావు! రంగు చెడిపోతే ఎవరు కొంటారని నేను అరిచేదాన్ని. కొడుక్కి మూడేళ్లప్పుడు రంగు ఆరని జింకను ముట్టుకున్నాడని కుంచె తిరగేసి వేళ్ల మీద కొట్టాను. గుర్తుందా? ఆ రోజంతా నువ్వు నాతో మాట్లాడలేదు. బొమ్మలు చేసే ఇంట్లో పుట్టి, వాడు బొమ్మ లేకుండా పెరిగాడు. ఆ ముక్కు చీదేవాళ్లకంటే నా మీద నాకే ఎక్కువ రోత పుట్టిందయ్యా.

ఇంటికొచ్చాను. నిన్న, రంగుకు ముందు వేసే తెల్లపూత కోసం చింతగింజల జిగురులో సుద్ద కలిపి, ఏదైతే అదైందని నీ ఎద్దును ముందు పెట్టుకుని కూర్చున్నాను. కుంచె ముంచేలోపే మనుమరాలు పాకుతూ వచ్చింది. పండ్లు వస్తున్నాయి దానికి, కనబడిందల్లా నోట్లోకే. ఎద్దును లాక్కుని చెవి పట్టి కొరికింది.

నా చెయ్యి లేచింది. నలభై ఏళ్ల అలవాటు... ఊరికే పోతుందా?

అలాగే ఆగాను. అది చొల్లు కారుస్తూ నమిలింది, నా వంక చూసి నవ్వింది, మళ్లీ నమిలింది. కాసేపటికి నిద్రపోతే చేతిలోంచి తీసి చూశాను. కుడి చెవి మీద రెండు గాట్లు, బియ్యపు గింజంత.

సుద్ద పారబోశాను. దీనికి రంగు వేయనయ్యా. బీరువాలో పెట్టనివ్వను. విరిగితే అతుకుతాను, అరిగితే అరగనిస్తాను... అది ఆ పిల్లదే.

నీ రాజవ్వ