ఒంటెకు రెండు పక్కలు

1974 సెప్టెంబర్ 18, బుధవారం

పెళ్లి ఖాయమైంది. వచ్చే నెలలోనే. మా సమష్టి పొలం, కొల్‌ఖోజ్ వాళ్లు ట్రక్కు ఇస్తామన్నా అమ్మమ్మ వద్దంది. మా ఎత్రెక్ నది ఒడ్డు ఆడపిల్లలు ఒంటె మీదే అత్తారింటికి వెళ్తారట. నాకైతే ట్రక్కే నయం. ఒంటె ఎక్కితే కడుపులో తిప్పుతుంది.

సెప్టెంబర్ 20

అమ్మమ్మ పెట్టె తెరిచి అస్మాలిక్ తీసింది. పెళ్లి ఒంటె పక్కన వేలాడదీసే తివాచీ. మంజిష్ఠ ఎరుపు ఇంకా వెలవలేదు. కింద కుచ్చులు మాత్రం కొన్ని రాలాయి. వీటిని ఎప్పుడూ పక్కకొకటి చొప్పున జతగానే నేస్తారు. ఈ జత అమ్మమ్మ వాళ్లమ్మ నేసింది. రెండోది అమ్మమ్మ చెల్లెలు సోనా దగ్గరుంది, పక్క ఊళ్లోనే. అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. ఎందుకని అడిగితే, నువ్వు వెళ్లి ఆ రెండోది అడిగి తీసుకురా అంది. నేను అడిగింది అది కాదు.

సెప్టెంబర్ 23

బస్సులో వెళ్లాను. చిన్నమ్మమ్మ టీ పోసింది, వేడి రొట్టె విరిచి పెట్టింది. నా వేళ్లు పట్టి చూసి, మగ్గం మీద కూర్చోవడం మానేశావా అని కోప్పడింది. అస్మాలిక్ మాట ఎత్తగానే ముఖం మారిపోయింది.

తన కూతురు జెరెన్ పెళ్లికి జత కలుపుదాం, నీది ఇమ్మని అప్పట్లో అక్కను అడిగిందట. ఏదో మాట పట్టింపుతో అమ్మమ్మ ఇవ్వలేదట. ఊరంతా నవ్విందట.

“మా పిల్ల ఒంటె ఒక పక్క బోసిగా నడిచింది. మీ అమ్మమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఈసారి నేను చూస్తాను.”

వచ్చేటప్పుడు ఎండు ఖర్బూజా మూట కట్టిచ్చింది. ఈవిడ మీద కోపం తెచ్చుకోవడం కష్టం.

సెప్టెంబర్ 24

ఉన్నదున్నట్టు చెప్పేశాను. అమ్మమ్మ లేచి పొయ్యి దగ్గరకు వెళ్లింది. రాత్రి చోర్బా పులుసు ఉప్పు కషాయం.

అక్టోబర్ 2

పొద్దున అమ్మమ్మ తన అస్మాలిక్‌ను భుజాన వేసుకుని బస్సెక్కింది. అడిగితే చెప్పదు. నేనూ ఎక్కాను.

చిన్నమ్మమ్మ తందూరు దగ్గర ఉంది. తలెత్తలేదు. అమ్మమ్మ తివాచీని వాకిట్లో బల్ల మీద పెట్టి, దాని మడతలు సరిచేసింది.

“అప్పుడే ఇవ్వాల్సింది, సోనా. జత నీ దగ్గరే ఉండనీ.”

జవాబు కోసం ఆగలేదు. తిరుగు బస్సులో నేను ఏడ్చాను. ఒక పక్కైనా ఉండేది, ఇప్పుడు రెండు పక్కలూ బోసే అన్నాను. బోసిగా వెళ్తే చచ్చిపోవులే అంది. తర్వాత నా తల ఒళ్లో పెట్టుకుని దారంతా నిమురుతూనే ఉంది.

అక్టోబర్ 11

రేపే పెళ్లి. టెన్షన్.

అక్టోబర్ 15

మా ఆయన దౌరాన్ పొలానికి వెళ్లాడు. ఇవాళ్టికి తీరిక.

పెళ్లి రోజు ఒంటె వచ్చేసరికి నేను ముసుగులో ఉన్నాను. ఉన్నట్టుండి ఆడవాళ్ల పాట ఆగింది. సోనా వచ్చిందని ఎవరో గుసగుసలాడారు. ముసుగు ఎత్తి చూశాను. జెరెన్ పిన్ని ఒక తివాచీ మోస్తోంది, చిన్నమ్మమ్మ రెండోదాన్ని ఒంటెకు కడుతోంది. అమ్మమ్మ గుమ్మంలోనే బిగుసుకుపోయింది. చిన్నమ్మమ్మ తల తిప్పకుండానే పిలిచింది.

“చూస్తూ నిలబడ్డావేం అక్కా? ఆ పక్కది నువ్వు కట్టు. నాకు చేతులు రెండేగా.”

అమ్మమ్మ మోకాళ్ల నొప్పుల మనిషి, పరుగెత్తింది. నన్ను ఎక్కించాక కూడా ముడులు సరిచేస్తూనే ఉన్నారు. అటు ఒకరు, ఇటు ఒకరు, ఒకరికొకరు కనబడకుండా ఏడుపు. పైనున్న నాకు ఇద్దరూ కనబడుతున్నారు. కడుపులో తిప్పడం సంగతే గుర్తు రాలేదు.

అక్టోబర్ 30

జత నీ దగ్గరుండాలంటే నీ దగ్గరని వాళ్లిద్దరికీ తగువు. తేలక నిన్న ఇక్కడికే వచ్చేశారు. చెరో జత ఉండేలా ఇంకోటి నేస్తారట. పొద్దున్నే మా అత్తగారి పెరట్లో నేల మగ్గానికి మేకులు దిగుతున్నాయి. వంకరగా కొట్టావని ఒకరు, నీ కళ్లే వంకరని ఇంకొకరు.