రంగు వెలిసిన తాడు

కొరోర్,
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడు బ్లెసాంకు,

అక్క దిర్రాయ్ దీవెనలు. ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. మనసుల సంగతి తర్వాత రాస్తాను. గువాం దీవిలో నీకు పని కుదిరిందని, సముద్రం అడుగు చూపించడానికి మనుషుల్ని దింపుతున్నావని తెలిసి అమ్మ పొంగిపోయింది.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి తగ్గలేదు, చేమదుంపల మడిలోకి దిగడమూ మానలేదు. వద్దంటే, "నువ్వు తవ్వితే దుంప సగం మట్టిలోనే ఉంటుంది" అని నన్నే దెప్పుతుంది. నీ పడవ ఎలా ఉందని కూడా అడిగావు. పోయిన నెల తుఫాను వస్తోందంటే నేనే లంగరు తాడు పట్టి ఒడ్డుకు లాగాను. ఆ తాడు గురించే ఈ ఉత్తరం.

ఎర్ర పోగున్న తెల్ల తాడు అది. నీళ్లలో మునిగేవాళ్లు ప్రవాహానికి కొట్టుకుపోకుండా రాతికి తగిలించుకునే కొక్కేల కోసం నేను ఏరి తెచ్చింది. అది నీ లంగరుకు ఎలా వచ్చిందా అని అక్కడే, వానలో నిలబడిపోయాను.

ఇంటికొచ్చి, మామయ్య ప్రమాదం తర్వాత సముద్రంలోకి దింపే గైడ్లు మన గుమ్మం ముందు పారేసిపోయిన కొక్కేల సంచీ విప్పాను. ముల్లు అరగదీసి, మొన మొద్దు చేసి, పగడానికి గీత పడకుండా నేను తయారుచేసినవన్నీ అందులోనే ఉన్నాయి. తాళ్ల మీది రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటే కోశాను. నేను కుట్టిన వాటిలో తెల్ల తాడు ఉంది. నువ్వు ముడేసిన వాటిలో పందిని కట్టడానికి నేను పక్కన పడేసిన నీలం తాడు, ఎండకు రంగు వెలిసి, వేళ్లతో నలిపితే పొడి రాలేది. దాని మీద నున్నటి గొట్టం తొడిగి, మంచి తాడు నీ లంగరుకు వాడుకున్నావు.

పెలెలియు దీవి కొన దగ్గర ప్రమాదం జరిగిన ఆ రోజు ప్రవాహం ఎలా ఉందో నీకు తెలుసు. కాజువో మామయ్య అక్కడ ప్రాణంలేని పగడపు రాతి పగులులో కొక్కెం తగిలించి, గాలిపటంలా వేలాడుతున్నాడట. తాడు తెగింది. నీళ్లు ఆయన్ని కిందికి లాగి, బయటి సముద్రంలోకి తోసేశాయి. సాయంత్రానికి దొరికాడు గానీ చెవులు వినపడకుండా పోయాయి.

రేవులో అందరూ "ఆ తాడు ఎవరు కట్టారు?" అన్నారు. మనిద్దరం కట్టేవాళ్లం గనక అది ఎవరు కట్టారో నాకు గుర్తు రాలేదు. నీ వైపు చూశాను. నువ్వు నేల చూస్తూ, "అక్క కట్టిందే" అన్నావు.

నమ్మాను. మామయ్యను నేనే చంపబోయానని, నీ మాట పట్టుకుని ఇన్నాళ్లూ నమ్మాను. అంగట్లో నన్ను చూసి ఆడవాళ్లు మాట మార్చేవారు. అన్నం ముందు కూర్చుంటే నా చేతులు నాకే అసహ్యంగా కనిపించేవి.

కోసిన ముక్కలు పట్టుకుని మామయ్య దగ్గరికి వెళ్లాను. అరుగు మీద వక్కకు సున్నం రాసుకుంటున్నాడు.

"ఈ తాడు కట్టింది బ్లెసాం, మామయ్యా."

"ఆఁ? గట్టిగా చెప్పమ్మా."

"బ్లెసాం కట్టాడు! నేను కాదు!"

"మెల్లగా, మెల్లగా! పక్కింటివాళ్లున్నారు."

"మెల్లగా అంటే నీకు వినపడదుగా!"

పక్కింటివాళ్లు వక్క నమలడం ఆపేశారు. మామయ్య ముక్కల్ని చూడను కూడా లేదు. "నా ఈత చొక్కాకి వేలాడిన తెగిన తాడు ముక్క ఆ రోజే చూశాను" అన్నాడు. "వాడు రేపు నా తర్వాత వంశపెద్ద బిరుదు మోయాల్సినవాడు. వాడి పేరు చెడితే ఎలా? నిన్నైతే నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు."

నీది పిరికితనం అనుకోగలను బ్లెసాం. కానీ ఆయన ఆలోచించి చేశాడు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నేను కుమిలిపోవడం రోజూ చూస్తూ వక్క నమిలాడు.

నీకు రెండు కొక్కేలు పంపమన్నావు. "నువ్వే స్వయంగా కట్టు" అని రాశావు. ఊరందరి ముందు పనికిరాని నా చేయి, నీ ప్రాణానికి మాత్రం కావాల్సొచ్చింది! కట్టాను. పనస చెట్టుకు తగిలించి వేలాడి చూశాను. ఈ కవరు తెచ్చే మనిషే అవీ ఇస్తాడు. నీళ్లలో నీకేమీ కాకూడదు.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ కలం అక్కడికి వెళ్లలేదు.

మామయ్య బిరుదు దిగుతానన్నాడు. ఎవరికివ్వాలో తేల్చడానికి, ఆనవాయితీ ప్రకారం మన ఇంటి ఆడవాళ్లం పోయిన వారం కూర్చున్నాం. అమ్మ, "బ్లెసాం తప్ప ఎవరున్నారు?" అంది. అందరూ తలూపారు. నేను ఊపలేదు. తాళ్ల ముక్కలు చాప మీద పెట్టి అంతా చెప్పాను.

"నీ తోడబుట్టినవాడే వాడు" అంది అమ్మ.

"రేవులో వాడికి అది గుర్తు రాలేదమ్మా."

ఆ తర్వాత ఎవరూ నీ పేరు ఎత్తలేదు. బిరుదు పిన్ని కొడుక్కి పోయింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇది నీకు రాయొద్దని అమ్మ బతిమాలింది. అయినా రాస్తున్నాను. బిరుదు నీకు రాకుండా ఎవరు చేశారో తెలియక నువ్వు ఇంకొకరిని అనుమానించకూడదు. ఆ మాట అన్నది నేనే.

ఇట్లు,
చేసింది తన పేరుతోనే చెప్పుకునే
మీ అక్క దిర్రాయ్